నెలల బేరం

ఒక తువ్వాలు ఎంత బరువుంటుంది? తడిపి, పిండకుండా భుజాన వేసుకున్నా దాన్ని బరువని ఎవరూ అనరు. నేను అంటున్నాను. ఏళ్ళ తరబడి నేనొక తువ్వాలును మోస్తున్నాను. పొడిదే. మామూలు ఎర్ర గళ్ళ తువ్వాలు. అది నాది కూడా కాదు, ఒక ఫ్యాక్టరీ ఓనరుది. దాని కింద నా కుడి చెయ్యి కాసేపు ఉంది. ఆ కాసేపట్లో నేనొక పని చేశాను. అప్పటినుంచీ ఆ చేత్తోనే అన్నం తింటున్నాను, దండం పెడుతున్నాను, ఎదురొచ్చిన వాళ్ళను భుజం తట్టి పలకరిస్తున్నాను. చేతికి ఏమీ అంటుకోలేదు. చూస్తే ఎవరికీ ఏమీ కనపడదు.

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. చెప్తే తిడుతుందని కాదు. తిట్టదు. ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరుగుతుంది. ఆ చూపు నాకు వద్దు. మీరైతే నాకు తెలియరు, నేను మీకు తెలియను. పేరు అడక్కండి. బంగారుపాళ్యం వైపు మనిషినని అనుకోండి, చాలు. వయసు మీద పడింది, మోకాళ్ళు సరిగా లేవు, ఇంక దాచుకునే ఓపిక కూడా అయిపోయింది. పశ్చాత్తాపం అని పెద్ద మాట అనను. అలిసిపోయాను, అంతే.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

నేను మామిడి మండీలో దళారిని. రైతుకూ వ్యాపారికీ మధ్య నిలబడి ధర కుదర్చడం నా పని. మా వైపు ఆ బేరం నోటితో జరగదు. వ్యాపారి తన భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద ఆయన నా చెయ్యి పట్టుకుంటాడు, నేను ఆయన చెయ్యి పట్టుకుంటాను. మా మండీలో ఒక వేలు పడితే ఒకటి. రెండు పడితే రెండు. చెయ్యంతా కలిపి నొక్కితే ఐదు. మణికట్టు పట్టుకుంటే పది. పైకి మాత్రం ఎండ గురించో, రాని వాన గురించో, చిత్తూరు బస్సు గురించో మాట్లాడుకుంటూ ఉంటాం. చుట్టూ జనం ఉంటారు, ఒక్కరికీ అంకె తెలియదు. ఈ రైతుకిచ్చిన ధర పక్క రైతుకు తెలియకూడదని పుట్టిన పద్ధతి అది.

చెయ్యి బయటికి తీశాక దళారి వచ్చి రైతుకు ఏం చెప్తే అదే ధర. రైతు మళ్ళీ అడగడు. నిజంగా అంతేనా అని అడిగితే దళారిని మొహం మీద దొంగ అన్నట్టే. నా బతుకంతా మండీలోనే గడిచింది, నన్ను అట్లా అడిగినవాడు ఒక్కడూ లేడు. దానికి నాకు లోపల చాలా గర్వంగా ఉండేది. ఫలానా వాడు చెయ్యి పెట్టాడంటే ఇంక చూసుకోనక్కర్లేదు అని రైతులు నా గురించి అనుకుంటుంటే, విననట్టు బీడీ ముట్టించుకుంటూ అంతా వినేవాణ్ణి. అప్పటిదాకా నేను ఎవరి ధరా తగ్గించి చెప్పలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. గొప్ప చెప్పుకునే అర్హత ఆ రోజుతో పోయింది.

మునిరత్నం అదే మండీలో కాయలు ఏరేవాడు. పచ్చివి ఒక పక్క, దోరవి ఒక పక్క, దెబ్బ తగిలినవి ఒక పక్క. నాకంటే బాగా చిన్నవాడు. నాకు తమ్ముడేమీ కాదు, చుట్టమూ కాదు. అయినా అన్నా అని పిలిచేవాడు, అన్నలాగే చూసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, తప్పు తనదే అన్నట్టు తల దించుకునేవాడు. కాయల కాలం అయిపోగానే మండీ మూతపడుతుంది కాబట్టి, మిగతా నెలలంతా బెంగళూరు పోయి ఏదో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండేవాడు. ఇంటి దగ్గర భార్య దేవకి, కూతురు సుజాత.

దేవకికి ఫిట్స్ వస్తాయి. పెళ్ళయిన కొత్తలో లేవు, కాన్పు తర్వాత మొదలయ్యాయి. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతుంది. మందులు వాడితే తగ్గి ఉంటాయి, మందు తప్పితే మళ్ళీ వస్తాయి. సుజాత బడికి పోయాక సాయంత్రం దాకా దేవకి ఇంట్లో ఒక్కతే. బెంగళూరులో గేటు దగ్గర కూర్చుని మునిరత్నం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేసేవాడు. ఆమె ఫోన్ ఎత్తేదాకా వాడి ప్రాణం వాడి దగ్గర ఉండేది కాదు. ఇది వాడు చెప్పగా విన్న మాట కాదు. ఒకసారి బెంగళూరులో వాడి పక్కన కూర్చుని నా కళ్ళతో చూశాను. చూసి కూడా చేశాను నేను చేసింది.

మా మండీలోనే వ్యాపారం చేసి పైకొచ్చిన ఒకాయన హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టాడు. కాయలు నేరుగా తోటల నుంచే కొనేవాడు. అట్లాంటి ఫ్యాక్టరీలు వచ్చాకే మండీ పలచబడింది. నా చేతికి పని తగ్గింది. పొద్దున్నే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పోయి, మధ్యాహ్నానికి ఊరికే తిరిగొచ్చిన రోజులు ఎక్కువయ్యాయి. ఆ ఓనరుకు మునిరత్నం పనితనం తెలుసు. కాయలు మాగబెట్టే షెడ్డు చూసుకోవడానికి వాడిని రమ్మన్నాడు. మేనేజరు వాడి ఫోన్‌కు ఇంగ్లీషులో కాగితం పంపాడు. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న సుజాత దాన్ని కూడబలుక్కుని చదివి, ఇందులో సీజను వరకే అని ఉంది నాయనా, నాలుగు నెలలే అని చెప్పింది.

ఆ సాయంత్రం మునిరత్నం కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"జీతం వాళ్ళు ఎంత ఇస్తే అంత తీసుకుంటానన్నా. నాకు నెలలు ఇప్పించు," అన్నాడు. "కాయలు అయిపోయినాక గోడౌన్లో గుజ్జు డ్రమ్ములు సూసుకునేదానికి ఒక మనిషిని ఏడాదంతా పెట్టుకుంటారంట. ఆ పని గూడా నేనే చేస్తాను. నేను బెంగళూరు పోకుండా ఉంటే సాలు. ఏడాది పనోళ్ళకు ఆసుపత్రి కార్డు గూడా ఉండాదంట."

నువ్వే పోయి అడగొచ్చు కదా అన్నాను. వాడు నవ్వాడు. ఆ ఓనరు ఫ్యాక్టరీ పెట్టినా పాత అలవాటు మానలేదు, జీతాల బేరం కూడా తువ్వాలు కిందే చేస్తాడు. ఒకడికి ఇచ్చింది ఇంకొకడికి తెలిస్తే అందరూ వచ్చి మీద పడతారని. పైగా మా వైపు మనిషి తన బేరం తాను చేసుకోడు. నా విలువ ఇంత అని తన నోటితో తాను చెప్పుకోవడం సిగ్గు. మధ్యలో ఒక మనిషి ఉండాలి. మునిరత్నానికి ఆ మనిషిని నేను.

వెళ్ళేటప్పుడు సుజాత వెనక్కి తిరిగి అడిగింది. "పెదనాయనా, ఏడాది పనంటే మా నాయనకు మెళ్ళో కార్డు ఏస్తారా?"

వేస్తారమ్మా అన్నాను. ఆ పిల్ల గంతులేసుకుంటూ పోయింది. నేను అరుగు మీదే ఉండిపోయాను. నాకు ఏం కనపడిందో చెప్తాను. మెడలో కార్డు వేసుకుని ఫ్యాక్టరీ గేటు లోపల నిలబడిన మునిరత్నం కనపడ్డాడు. గేటు బయట, చేతిలో పని లేక, లోపలికి రానిస్తారా అని వాడినే అడుగుతున్న నేను కనపడ్డాను. నా కింద కాయలు ఏరినవాడు. నేను కేకేస్తే టీ తెచ్చినవాడు. నాకు కన్ను కుట్టింది. ఇంతకంటే మంచి మాట లేదు దానికి, ఉన్నా వాడను.

మరుసటి రోజు ఫ్యాక్టరీకి పోయాం. మునిరత్నం లోపలికి రాలేదు. రాకూడదు కూడా, బేరం ఎవరిదో వాళ్ళు దూరంగా ఉంటారు. లారీలు తూచే కాటా దగ్గర, టార్పాలిన్ నీడలో నిలబడ్డాడు. ఓనరు గది అద్దంలోంచి నాకు కనపడుతున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. దాన్ని పదే పదే కిందికి లాక్కుంటున్నాడు.

గదిలో మేనేజరు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ఓనరు నన్ను చూసి సంతోషించాడు, మండీ వాసన తగిలి చాలా రోజులైంది అన్నాడు. నన్ను కిటికీ పక్కకు పిలిచి, భుజం మీది ఎర్ర గళ్ళ తువ్వాలు తీసి మా చేతుల మీద వేశాడు. నెలల బేరం నేనెప్పుడూ చెయ్యలేదు. అయినా వేళ్ళకు తేడా ఏముంది? ఆయన నాలుగు వేళ్ళు పట్టాడు. నేను ఆయన మణికట్టు పట్టి, తర్వాత రెండు వేళ్ళు పట్టాను. పన్నెండు. ఆయన పలమనేరులో వాన పడిందంట అన్నాడు. అవునంట అన్నాను. ఆయన చెయ్యంతా నొక్కి, మూడు వేళ్ళు పట్టాడు. ఎనిమిది. నేను మళ్ళీ మణికట్టు, రెండు వేళ్ళు. ఆయన అద్దంలోంచి కాటా వైపు చూశాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని, రెండు వేళ్ళు పట్టి, వదిలాడు.

అయిపోయింది. పన్నెండు నెలలు. ఇంత తేలిగ్గా కుదిరిన బేరం నా బతుకులో తక్కువ. అప్పుడు నేను చెయ్యి బయటికి తియ్యాలి. తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదు? దీన్ని ఎన్ని విధాలుగా ఆలోచించానో చెప్పలేను. ఇంట్లో గడవక అని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. గడవని మాట నిజమే. మండీ పోతే ఈ వయసులో నేనెక్కడికి పోవాలి అని చెప్పుకున్నాను. అదీ నిజమే. కానీ ఈ రెండే అయితే, మునిరత్నం పని కుదిర్చి, ఇంకో రోజు వచ్చి నా సంగతి నేను అడుక్కుని ఉండొచ్చు. ఆయన ఏదో ఒకటి చూసేవాడు. మరి ఆ క్షణంలోనే, వాడి బేరం మధ్యలోనే, ఎందుకు? వాడికి దక్కింది చూసి ఓర్చుకోలేక. ఎన్నిసార్లు తిప్పి చూసినా చివరికి ఇదే తేలుతోంది.

తువ్వాలు కింద ఆయన చెయ్యి పట్టుకుని నా గుండెకు ఆనించుకున్నాను. నా సంగతేమిటి అని. ఆయనకు వెంటనే అర్థమైంది. మేనేజరుకు వినపడకుండా, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

"ఏడాదంతా ఇద్దర్ని పెట్టుకోలేనబ్బా. గోడౌనుకు ఒకడే. వానికి పన్నెండు ఇచ్చినాను. లేదు, నువ్వు వస్తానంటే నీకు పన్నెండు, వానికి నాలుగు. నువ్వే చెప్పు."

నువ్వే చెప్పు అన్నాడు. ఆయన బలవంతం లేదు, ఆశ పెట్టలేదు. అద్దంలోంచి చూశాను. మునిరత్నం కాటా మీద ఎక్కి, ఏమీ తోచక, మళ్ళీ దిగుతున్నాడు. నేను ఓనరు చేతివి నాలుగు వేళ్ళు పట్టుకున్నాను. నాలుగు. వాడి నెలలు నా వేళ్ళతో నేనే తగ్గించాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూశాడు. తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. దులపడం ఆయనకు అలవాటే, మండీలో కూడా దులిపేవాడు. అయినా ఆ రోజు నాకు అది నన్నే దులిపినట్టు అనిపించింది.

బయటికి వచ్చాను. ఎండ మొహాన కొట్టింది. మునిరత్నం ఎదురొచ్చాడు.

"ఏమన్నాడన్నా?"

"నాలుగుకు మించి రాలేదబ్బా. శానా సేపు పట్టినాను."

"సూస్తానే ఉండాను. శానా సేపే పట్టినావు." వాడి మొహం కొద్దిగా వాడింది, అంతే. మళ్ళీ వాడే నన్ను ఓదార్చాడు. "నువ్వు పట్టినాక ఇంగ ఎవురు పట్టినా అంతే కదన్నా. దానికి నువ్వెందుకు అట్లుండావు? పోనీలే. వచ్చే ఏడు అడుగుదాం."

నువ్వెందుకు అట్లుండావు అన్నాడు. నా మొహంలో ఏదో కనపడింది వాడికి. కనపడిందాన్ని వాడు నా మంచితనం కింద జమ కట్టాడు.

కొన్ని రోజులు ఆగి, గోడౌనుకు నన్ను రమ్మని ఓనరే కబురు పెట్టాడని చెప్పాను. మండీలో పాత పరిచయం కదా, నన్ను చూశాక గుర్తొచ్చిందంట అన్నాను. అబద్ధానికి అంత కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది. మునిరత్నం నిజంగా సంతోషపడ్డాడు. మనోడు ఒకడు లోపల ఉంటే మంచిదే కదన్నా అన్నాడు. ఆ ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. దేవకి రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసింది. నా కంచంలో రెండో ముద్ద పెడుతూ, "మీరు లోపల ఉండారు కదా బావా, ఇంగ మాకు దిగులు లేదు," అంది. నేను తిన్నాను. వద్దనలేదు, కడుపు నిండింది అనలేదు. పులుసు బాగుందని కూడా చెప్పాను. ఎట్లా మింగుడుపడిందని మీరు అడగొచ్చు. పడింది. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

కాయలు అయిపోయాయి. మునిరత్నం సంచి సర్దుకుని బెంగళూరు బస్సెక్కాడు. నేను మెడలో కార్డు వేసుకుని గోడౌన్లో డ్రమ్ముల మధ్య తిరిగాను. కొత్తలో ఆ కార్డును ఇంట్లో కూడా తీసేవాణ్ణి కాదు. నా భార్య నవ్వేది, పడుకునేటప్పుడన్నా తియ్యండి అని.

ఆ చలికాలంలో ఒక రోజు పొద్దున సుజాత బడికి పోయాక దేవకి అన్నం వారుస్తూ పడిపోయింది. గంజి, పొయ్యి, అన్నీ ఎడమ చేతి మీదే. ఆమెకు స్పృహ లేదు కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పక్కింటి ఆమె చూసేసరికి ఆలస్యమైంది. ఊళ్ళో వాళ్ళు ముందు నాకే ఫోన్ చేశారు, దగ్గర్లో ఉన్న మగదిక్కు నేనే అని. ఫ్యాక్టరీ వ్యాన్ తీసుకుని పోయి చిత్తూరు ఆసుపత్రికి, అక్కడినుంచి తిరుపతికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆమె తల నా భార్య ఒళ్ళో. నేను ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

మునిరత్నం బెంగళూరు నుంచి వచ్చేసరికి కట్లు కట్టేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. వాడు వార్డు బయట నా రెండు చేతులూ పట్టుకుని వాటి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "నువ్వుండబట్టి బతికిందన్నా. నువ్వు ఈడ లేకపోయింటే మా గతి ఏమి," అన్నాడు.

నేను అక్కడ ఎందుకున్నానో, వాడు అక్కడ ఎందుకు లేడో వాడికి తెలియదు. చెప్పాల్సిన సమయం ఏదైనా ఉందంటే అదే. అప్పుడు చెప్తే వాడు ఇంకా కుంగిపోతాడు అనుకున్నాను. ఎంత దయ చూడండి నాకు! ఏడవకబ్బా అన్నాను. అంతే అన్నాను.

దేవకి బతికింది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుపోయి అతుక్కున్నాయి. విప్పడానికి రావు. సుజాత ఆ ఏడు బడి మానేసి ఇంట్లో వంట చేసింది, మళ్ళీ మరుసటి ఏడు చేరింది. మునిరత్నం బెంగళూరు మానేశాడు. సీజను నాలుగు నెలలు ఫ్యాక్టరీ, మిగతా నెలలు ఊళ్ళో ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర కూలి. ప్రతి సీజను మొదట్లోనూ నన్ను మెల్లిగా అడిగేవాడు, ఈ ఏడన్నా అడుగుదామా అన్నా అని. సమయం చూసి అడుగుతాను అనేవాణ్ణి. ఎట్లా అడుగుతాను? ఆయన నవ్వి, నువ్వే కదబ్బా నాలుగు పట్టింది అంటే? ఆ భయంతో ఓనరు ఎదురుపడితే తప్పుకుని తిరిగేవాణ్ణి. తర్వాత ఆయనకు జబ్బు చేసింది, పోయాడు. శవం దగ్గర నిలబడి నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. ఏడుపు వచ్చింది నిజమే, దాని వెనకాల గుండెల నిండా ఊపిరి కూడా వచ్చింది. ఇంక ఆ మాట తెలిసినవాడు లేడు, నేను తప్ప. అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నందుకు ఆ తర్వాత చాలా రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ ఊపిరే మళ్ళీ ఇప్పుడు బరువైంది. తెలిసినవాడు ఇంకొకడు ఉన్నంత కాలం, ఎప్పుడో ఒకప్పుడు నా ప్రమేయం లేకుండా బయటపడుతుందిలే అన్న ఆశ ఒకటి ఉండేది. అది కూడా పోయింది.

ఇవన్నీ ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య జరిగింది ఒకటి ఉంది.

సుజాత డిప్లొమా పూర్తి చేసింది. తిరుపతి దగ్గర సెల్‌ఫోన్లు తయారు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కాగితం చేతికొచ్చాక, చేరేముందు ఏమేం అడగాలో మాట్లాడాలి, నువ్వే రావాలన్నా అని మునిరత్నం మా ఇంటికి వచ్చాడు. మళ్ళీ అదే అరుగు. మళ్ళీ కూర్చోలేదు. నేను పోయాను. పోకుండా ఎట్లా ఉంటాను?

అక్కడికి పోయాక తెలిసింది, నా అవసరం ఏమీ లేదని. సుజాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళ అమ్మను, నాయనను ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్ మంచం మీద పెట్టి స్పీకరు ఆన్ చేసింది. కంపెనీ ఆమె లైన్లోకి వచ్చింది. సుజాత చెప్పింది. ఉద్యోగం ఇచ్చినందుకు సంతోషం మేడం, రెండు విషయాలు అడగాలి, మా అమ్మకు ఆరోగ్యం సరిగా లేదు కాబట్టి రాత్రి షిఫ్టు లేకుండా కావాలి, రెండేళ్ళు మానకూడదని రాశారు కదా, ఆ షరతు తీసెయ్యాలి. గొంతు వణకలేదు. సిగ్గుపడలేదు. అవతలి ఆమె కనుక్కుని చెప్తానంది. మేం టీలు తాగేలోగా మళ్ళీ ఫోన్ వచ్చింది. మొదటి ఏడాది రాత్రి షిఫ్టు వెయ్యరంట. రెండేళ్ళ షరతు మాత్రం తియ్యరంట. సుజాత సరే మేడం, మారిన కాగితం పంపండి, చూసి సంతకం చేస్తాను అంది.

ఫోన్ పెట్టేసి తండ్రి వైపు తిరిగింది. "రెండడిగినాను నాయనా. ఒకటి ఇచ్చినారు, ఒకటి ఇయ్యలేదు."

అంతే. అందరం విన్నాం. అడిగింది విన్నాం, ఇచ్చింది విన్నాం, ఇవ్వనిది విన్నాం. దాచడానికి ఏమీ లేదు. ఇంత సులువైన పనిని నేను ఏం చేశానా అని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఆ పిల్ల నన్ను అడిగింది. ఏ అనుమానమూ లేదు, ఊరికే, సంతోషంలో. "పెదనాయనా, అప్పుడు మా నాయనకు నువ్వు మాట్లాడినప్పుడు ఆయన మొదట ఎంతన్నాడు? మళ్ళా ఏమన్నా పెంచినాడా?"

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. నా నోరు తెరుచుకుంది. తెరుచుకుందని మీకు ప్రమాణం చేసి చెప్తాను. ఈసారి చెప్పేసేవాణ్ణేమో. ఏమో కాదు, తెలియదు. ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే మునిరత్నం నాకంటే ముందు మాట్లాడాడు.

"అట్లా అడగకూడదమ్మా," అన్నాడు, కూతురి మీద కొంచెం కోపంగానే. వాడు కోపంగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "తువ్వాలు కింద మాట అది. పెదనాయన చెప్పినాడు, మనం విన్నాం. మళ్ళా అడిగితే ఆయన మర్యాద ఏం కావాల?"

సుజాత నాలుక కరుచుకుని, తప్పైంది పెదనాయనా అంది. నాకు క్షమాపణ చెప్పింది ఆ పిల్ల. దేవకి ఇంకో గ్లాసు టీ తెచ్చింది, కుడి చేత్తో పట్టుకుని, కింద ఎడమ మణికట్టు ఆనించి. ఆ వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. తీసుకున్నాను. తాగాను కూడా.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. మునిరత్నానికి పోయి చెప్తానా? చెప్తానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నా మర్యాద కాపాడానని వాడు అనుకుంటున్నాడు. చెప్తే, ఆ ముడుచుకున్న చేతిని వాడు ఇంక ఎట్లా చూస్తాడు? చూడండి, మళ్ళీ వాడి మీద దయ చూపిస్తున్నాను. నాకు ఈ దయ అలవాటైపోయింది. అసలు సంగతి, వాడు నన్ను అన్నా అనడం మానేస్తాడని భయం. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతిలో లేదు, అడగను కూడా. బేరం వాడిది, మీది కాదు.

కానీ ఆ రోజు కాటా దగ్గర ఎండలో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఒక్కసారన్నా ఎక్కడో ఒకచోట పైకి అనాలని ఉంది. కాగితం మీదైనా సరే. అన్నాక ఈ చెయ్యి కొంచెం తేలికవుతుందేమో, ఇప్పటికే అవుతున్నట్టు ఉంది.

మునిరత్నం, ఆయన పన్నెండు ఒప్పుకున్నాడబ్బా. పన్నెండూ ఇచ్చినాడు. నేనే తగ్గించినాను.